సముద్రము లేని సీమలో తీరపు బాట

ఐరోపా ఖండమున, ఆడ్రియాటిక్ సముద్రపు తూర్పు ఒడ్డున, చూడముచ్చటయైన బాట యొకటి కలదు. ఒక ప్రక్క తెల్లని సున్నపురాతి కొండలు, వేరొక ప్రక్క నీలి జలములు, నడుమ మెలికలు తిరుగుచు పోవు తారురోడ్డు. యుగోస్లావియా ఒక్కటే దేశముగా ఉన్న దినములలో, 1950, 1960 దశకములలో, దీనిని చాలవరకు వేసినారు. అప్పుడు దాని మీద పోవువాడు ఎచ్చటను ఆగి తానెవడో చెప్పుకొనవలసిన పని లేకుండెను. 1991, 1992 సంవత్సరములలో ఆ దేశము ముక్కలు కాగా, బాట కదలకుండనే పలు దేశముల బాట అయినది. స్లొవేనియా గడచిన పిమ్మట క్రొయేషియా వచ్చును. ఆ క్రొయేషియా నడుమ బోస్నియాకున్న సుమారు 20 కిలోమీటరుల తీరము అడ్డు వచ్చును. మరల క్రొయేషియా, ఆపైన మాంటెనీగ్రో.

ఆ బోస్నియా ముక్కకు ఇరు చివరల తనిఖీ చావడులు వెలసినవి. వేసవిలో బండ్లు బారులు తీరి నిలిచెడివి. తుదకు 2022 జూలైలో క్రొయేషియావారు సముద్రముపై పెల్యెషాట్స్ వంతెనను తెరచి, ఆ ముక్కను తాకకుండ పోవు దారి చేసికొన్నారు. ఇంతకు ఆ అడ్డు నిన్న మొన్న పుట్టినది కాదు. 1699లో డుబ్రోవ్నిక్ నగర రాజ్యమువారు, వెనీసువారు నేలదారిన తమ మీదికి రాకుండుటకై, తమ తీరములో కొంత భాగమును తురుష్క సుల్తానుకు విడిచిపెట్టినారు. పొరుగువానికి వెఱచి ఎన్నడో గీసిన గీత అది. మూడు వందల యేండ్లకు పైబడిన తరువాత దానిని దాటుటకు వంతెన కట్టవలసి వచ్చినది.

హిందూపురము వారికి, పెనుకొండ వారికి, ధర్మవరము వారికి ఈ ఊసు ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. సముద్రమును చూడవలెనన్న మనము నెల్లూరికో చెన్నపట్టణమునకో పోవలసినవారము. అయినను మన సీమలోని ఊళ్ళ పేర్లను ఒకమారు తలచుకొనుడు. పాలసముద్రము, బుక్కరాయసముద్రము, అనంతసాగరము. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటరుల వాన మాత్రమే పడు ఈ మెట్టనేలలో చెరువు నిండినప్పుడు మన పెద్దలకు దానిని సముద్రమని పిలువ బుద్ధి పుట్టినది. అది గొప్పలు చెప్పుకొనుట కాదని మా అభిప్రాయము. ఏడాదికొకమారు, ఒక్కొక్కప్పుడు నాలుగేండ్లకొకమారు కానవచ్చు నీటిని చూచినవారికే ఆ మాట తోచును. ఆ సముద్రములకును ఒడ్డులున్నవి, ఆ ఒడ్డుల వెంబడి బాటలున్నవి. ఆ బాటలకు, ఆ నీటికి అడ్డముగా రాజ్యముల గీతలును ఉన్నవి.

హిందూపురమునుండి పెనుకొండ మీదుగా ధర్మవరము పోవు దారి వంద కిలోమీటరులకు లోపే. పొద్దున బయలుదేరినవారు మధ్యాహ్న భోజనమునకు చేరుదురు. కాని నిదానముగా చూచుచు పోవువారికి ఒక దినము చాలదు.

మొదలే హిందూపురము. మురారిరావు తన తండ్రి హిందూరావు పేర ఈ ఊరిని నిలిపినాడని చెప్పుదురు. బెల్లము, చింతపండు, మిరపకాయలు, పట్టుగూళ్ళు ఇచ్చటి అంగడిని పోషించినవి. అంగడిలో ఒక బేరము తెలుగున మొదలై కన్నడమున ముగియుట ఇచ్చట ఎవరికిని వింత కాదు. దక్షిణముగా కొంచెము దూరము పోయినంతనే గౌరిబిదనూరు సీమ, అది కర్ణాటకము. పడమట మడకశిర మన రాష్ట్రములోనిదే, కాని దానికి మూడు వైపుల కర్ణాటకమే. ఉత్తరముగా పావగడ తుమకూరు జిల్లాలోనిది, కాని దానిని చాలవరకు చుట్టుకొనియున్నది మన నేల. పటముపై ఈ సరిహద్దును వ్రేలితో గీయబోయినవారికి వ్రేలు నొప్పి పుట్టును.

మనుష్యులకే ఇంత తికమకగా ఉన్నచో, నదికి ఎట్లుండవలెను? పెన్నేరు, అనగా ఉత్తర పినాకిని, నందికొండల ప్రాంతమున పుట్టి గౌరిబిదనూరు సీమను దాటి హిందూపురము వద్ద మన రాష్ట్రమున ప్రవేశించును. దేవరాయనదుర్గమున పుట్టిన జయమంగళి పరిగి ప్రాంతమున వచ్చి అందులో కలియును. అటుపైన పెన్నేరు మరల కర్ణాటకమునకు పోయి, పావగడ తాలూకాలోని నాగలమడికె మీదుగా తిరిగి పేరూరు వద్ద మన వైపునకు వచ్చును. తుదకు తూర్పుదారి పట్టి, మొత్తము 597 కిలోమీటరుల ప్రయాణమును నెల్లూరు జిల్లాలో ముగించి సముద్రమున పడును. మన తూర్పుతీరపు పెద్ద రహదారి, కలకత్తానుండి చెన్నపట్టణము పోవునది, ఈ పినాకినినే నెల్లూరు వద్ద దాటుచున్నది. ఆ వంతెన మీద పోవు ప్రయాణికునకు క్రింద పారు నీటిలో హిందూపురము చెరువులు పట్టుకొనలేక విడిచినది ఎంతయో తెలియదు.

ఈ నదిని గూర్చియే ఒక శాసనము కలదు. గౌరిబిదనూరు ప్రాంతమున దొరికినది, కాలము 1388. అప్పుడు విజయనగరమున రెండవ హరిహరరాయలు ఏలుచుండగా, ఆయన కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండి ఈ సీమను పాలించుచుండెను. పెనుకొండకు నీరు కావలెను. రాకుమారుడు సింగాయభట్టు అను జలసూత్ర నిపుణుని పిలిచి, హెన్నె నదిని, అనగా మన పెన్నేటిని, పెనుకొండకు తెమ్మని ఆజ్ఞాపించినాడు. సింగాయభట్టు కల్లూడి వద్ద నదినుండి కాలువ త్రవ్వి సిరువేర చెరువునకు నీరు మళ్ళించినాడు. ఆ కాలువకు ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టినారు. రాజు పేరు కాలువకు పోయినది. కాని కాలువ త్రవ్విన ఇంజనీరు పేరును కూడ శాసనమున చెక్కించిన ఆ రాజును మనము మెచ్చుకొనవలెను. ఈ కాలమున వంతెనల శిలాఫలకములు చదివినవారికి ఈ మాట వివరింప నక్కరలేదు.

నేడు కల్లూడి కర్ణాటకములో ఉన్నది. పెనుకొండ ఆంధ్రప్రదేశములో ఉన్నది. సింగాయభట్టునకు ఆ ఇబ్బంది లేదు. ఆయన తాడు పట్టుకొని నేలవాలు కొలుచుకొనుచు పోయినప్పుడు అడ్డము వచ్చినవి గుట్టలును బండలును మాత్రమే.

ఆ కాలపు వారికి ఈ సంగతి తెలియదనుకొనరాదు. సింగాయభట్టు కాలువకు పందొమ్మిది సంవత్సరములు ముందు, 1369లో, కడప జిల్లా పోరుమామిళ్ళలో మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఒక పెద్ద చెరువు కట్టించి సంస్కృతమున శాసనము వేయించినాడు. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్ళు తోలుటకు నూరు బండ్లు, రెండు సంవత్సరముల పని. ఈ శాసనము పనివారి లెక్కతో ఆగలేదు. మంచి చెరువునకు కావలసిన పన్నెండు అంగములను, చెరువునకు ఉండరాని ఆరు దోషములను కూడ చెప్పినది. కట్ట ఊట కారుట ఒక దోషము, చవుటినేల ఒకటి, చెరువు నడుమ మిట్ట ఉండుట ఒకటి. నీరు తక్కువయై పారవలసిన నేల ఎక్కువగా ఉండుట, నేల తక్కువయై నీరు ఎక్కువగా ఉండుట, ఇవి రెండు. మిగిలిన దోషమేమనగా, చెరువు రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట.

ఊట కారు కట్టకు బంకమన్ను వేయవచ్చును. నడుమ మిట్టను త్రవ్వి తీయవచ్చును. సరిహద్దునకు మాత్రము మేస్త్రీ చేయగలిగినది లేదు. పై రాజ్యమువాడు వంకకు అడ్డుకట్ట వేసినచో క్రింది రాజ్యపు చెరువు ఎండును. క్రిందివాడు కట్ట ఎత్తు పెంచినచో పైవాని పొలము మునుగును. ఇది తెలిసిన వారు గనుకనే ఆ పెద్దలు దానిని ఉప్పునేలతో సమానముగా లెక్కించినారు.

మన దురదృష్టమేమనగా, హిందూపురము సీమ చెరువులకు ఈ దోషము పుట్టుకతో వచ్చినది కాదు, తరువాత అంటుకొన్నది. 1800లో నిజాము ఈ జిల్లాలను ఇంగ్లీషువారికి దత్తము చేయగా ఇవి మద్రాసు రాజధానిలో చేరినవి. గౌరిబిదనూరు, పావగడ మైసూరు సంస్థానమున నిలిచినవి. ఒకే వంకపై మీది చెరువు ఒక దొరతనమునకును, క్రింది చెరువు మరొక దొరతనమునకును పోయినది. తగవులు రాక మానునా? తుదకు 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వములు ఒడంబడిక చేసికొన్నవి. అందు పేర్కొన్న పదునైదు పెద్ద నదులపై మద్రాసు సమ్మతి లేనిదే మైసూరువారు క్రొత్త జలాశయములు కట్టరాదు. ఆ పట్టికలో మన ఉత్తర పినాకిని ఉన్నది, చిత్రావతి ఉన్నది, పాపఘ్ని ఉన్నది. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడినప్పుడు రాజ్యముల పేర్లు మారినవి కాని, ఈ ప్రాంతమున గీత ఇంచుమించు ఉన్నచోటనే ఉన్నది.

ఎవరిది న్యాయము అను విచారణకు మేము పూనుకొనము. మీదనున్న రైతునకు దప్పిక లేదనువాడు అచ్చటికి పోయి చూడలేదన్న మాట. పావగడ, మధుగిరి వైపున తలపరిగెలని ఊటచెలమలున్నవి. మన వైపున పెన్నేటి ఇసుకలో త్రవ్వు ఊటకాలువలున్నవి. పేర్లు రెండు, ఆత్రుత ఒక్కటే. అందరును ఇసుక క్రింద దాగిన ఆ కొంచెము నీటికొరకే వెదకినారు.

ఇక బాట మీదికి వత్తము. పెనుకొండను సమీపించుకొలది కొండలు దగ్గరకు జరుగును. గుండు మీద గుండు పేర్చినట్లున్న ఈ నల్లరాతి కొండల అందము వానకాలమునకును ఎండకాలమునకును వేరువేరు. ఎండలో అవి కోపముతో ఉన్నట్లుండును. నాలుగు చినుకులు పడినంతనే సందులలో పచ్చిక మొలిచి, సీతాఫలపు పొదలు చిగిర్చి, మెత్తబడును. ఘనగిరియని కవులు పిలిచిన పెనుకొండ ఈ కొండల నడుమ ఉన్నది. 1565లో రాక్షసి తంగడి యుద్ధము తరువాత విజయనగరము పాడుపడగా తిరుమలరాయలు రాజధానిని ఇచ్చటికి తెచ్చినాడు. గగనమహలు, ఒక ప్రక్క రాముడు, ఈశ్వరుడు, ఒక ప్రక్క పార్శ్వనాథుడు, అల్లంత దూరమున బాబయ్య దర్గా. ఇవి చూచుటకు వచ్చువారు వచ్చుచునేయున్నారు. హిందూపురమునకు సుమారు 15 కిలోమీటరుల దూరమున నున్న లేపాక్షిని, అచ్చుతరాయల కాలమున విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయమును, ఆ నందిని గూర్చి మేము ఇచ్చట చెప్పబూనము. అది వేరొక ప్రసంగము. పెనుకొండలో మహలు చూచి మరలిపోవు యాత్రికునికి మేము చెప్పదలచినది ఒక్కటే: అట్లే కొండ మీదికి చూపు ఎత్తుటతోపాటు, కొండ క్రిందికి కూడ చూడవలెను. కోట గెలిచినవారు పలువురు. నీరు లేనిచో ఆ కోటలో ఒక్క వేసవి గడపగలవారు ఎవరును లేరు.

మన సీమలో చెరువుకట్టయే అనేకచోట్ల బాట. ఊరినుండి ఊరికి పోవువారు, సంతకు ఎద్దులను తోలుకొని పోవువారు, పెండ్లి బండ్లు, పీరుల ఊరేగింపు, అన్నియు కట్ట మీదనే. కట్ట ఎత్తుగా, గట్టిగా, బురద లేక ఉండును గనుక అట్లు పోయినారని పైకి తోచును. మేము దీనిని గూర్చి ఆలోచించినకొలది, ఇందు వేరొక మేలు కూడ ఉన్నదని తోచినది. దినమునకు వందమంది నడచు కట్టకు వందమంది కావలివారు. ఎలుక బొరియ పెట్టినను, రాతికట్టున ఒక రాయి జారినను, క్రిందివైపు తడి చిమ్మినను, ఎవడో ఒకడు సాయంకాలమునకు నీరుగంటికి చెప్పును. నీరుగంటి మరునాడు తట్ట, పార పట్టుకొని వచ్చును. జనము నడచుట మానిన కట్ట మీద సర్కారు కంప మొలచును. కంప వేరు కట్టలో దూరును. ఆ వేరు ఎండి కుళ్ళిన తరువాత నీరు ఆ దారినే వచ్చును.

కట్ట తెగుట అనగా ఏమో మన జిల్లాకు వేరుగా చెప్పనక్కరలేదు. ఈ బాటకు ఉత్తరమున, అనంతపురము ప్రక్కనే, బుక్కరాయసముద్రపు కట్ట ఉన్నది. ఆ చెరువు తెగిపోవ సిద్ధమైనప్పుడు రైతు ఇంటి చిన్నకోడలు ముసలమ్మ గండిలో దిగి ప్రాణమిచ్చినదని కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును వ్రాసినది ఈ కథ మీదనే. ఆ కట్ట మీద నేడు తారురోడ్డు ఉన్నది, బస్సులు పోవును, ముసలమ్మ గుడి వద్ద కొందరు చేయెత్తి మ్రొక్కుదురు. ఒక ఇంటి కోడలి ప్రాణము గండికి ఆహుతి కావలసి వచ్చినదనగా, అంతకు ముందు ఆ కట్టను చూడవలసిన వారెవరో చూడలేదన్న మాటయే కదా!

పూర్వము చూచుటకు ఏర్పాటు ఉండెడిది. చెరువు కట్టించినవానికి, బాగు చేయించినవానికి దశబంధమని మాన్యము ఇచ్చెడివారు. మాన్యము అనుభవించినంత కాలము చెరువును కనిపెట్టుకొని ఉండవలెను. అది చెల్లని దినములు వచ్చినవి. చెరువు సర్కారుదైనది. సర్కారుదనగా ఎవరిదియు కాదని కొందరు అర్థము చెప్పుకొన్నారు. పిమ్మట బోరుబావులు వచ్చినవి. తన పొలములో తన బోరు ఉన్నవానికి ఊరి చెరువుతో పని ఏమి? వంక పూడిన సంగతి అతడు ఎరుగడు, తూము తలుపు తుప్పు పట్టిన సంగతి ఎరుగడు. కాని బోరులోని నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది? చెరువు నిండిన యేడు క్రింది బావులలో ఊట పెరుగుటను మన తాతలు మీటరులు లేకయే కనిపెట్టినారు. బోరు ఎండిన తరువాత చెరువు జ్ఞాపకమునకు వచ్చిన ఊళ్ళు ఈ దారిపొడుగునను ఉన్నవి.

క్రొత్త రహదారి సంగతి చెప్పకున్న అన్యాయమగును. శ్రీనగరమునుండి కన్యాకుమారికి పోవు 44వ నంబరు జాతీయ రహదారి పెనుకొండ ప్రక్కగానే పోవుచున్నది. మంచి బాట, వేగముగా పోవచ్చును. ఎఱ్ఱమంచి వద్ద 2019లో కార్లు తయారగుట మొదలైనది, పిల్లలకు పనులు దొరికినవి. అంతకు మూడేండ్ల ముందు, 2016లో, శ్రీశైలము జలాశయమునుండి ఎత్తిపోసిన కృష్ణా జలములు హంద్రీ నీవా కాలువ వెంబడి పెనుకొండ సమీపమున గొల్లపల్లి జలాశయమునకు చేరినవి. మహారాష్ట్రమున మహాబలేశ్వరము వద్ద పుట్టిన నీరు కర్ణాటకమును దాటి, తెలంగాణమును ఒరసికొని వచ్చి, సింగాయభట్టు నీరు తెచ్చిన పెనుకొండకు వేరొక దిక్కునుండి వచ్చినది. ఇది సామాన్యమైన పని కాదు. నీటి బొట్టును ఇంత ఎత్తునకు మోయుటకు విద్యుత్తు కావలెను, దానికి డబ్బు కావలెను, మీది రాష్ట్రములతో సఖ్యత కావలెను. పోరుమామిళ్ళ శాసనమువాడు చెప్పిన దోషము కృష్ణకును వర్తించును. రెండు రాజ్యములు కాదు, అచ్చట నాలుగు. అందువలన ఎత్తిపోసిన నీరు వచ్చినది గదా యని వానను పట్టు చెరువును విడిచిపెట్టుట తెలివి కాదని మా మనవి.

పైగా వాన వచ్చినప్పుడు మన సీమలో కొంచెముగా రాదు. 2021 నవంబరులో చిత్రావతి పొంగినప్పుడు చూచినవారికి ఇది మెట్టసీమయన్న మాట నమ్మశక్యము కాలేదు. ఆ వరద చెరువులలో నిలుచుటకు వాగులు, వంకలు తెరపిగా ఉండవలెను, మరవ సరిగా ఉండవలెను. మరవకు అడ్డముగా ఇండ్లు కట్టుకొన్నచో నీరు తన దారి అడుగును.

పెనుకొండ దాటి తూర్పునకు మళ్ళినచో కొత్తచెరువు. ఊరు పాతది, పేరు మాత్రము ఎన్నటికిని కొత్తదే. ఆ ప్రక్కనే బుక్కపట్నము. ఇచ్చట కొండల నడుమ చిత్రావతి నీటిని నిలిపిన పెద్ద చెరువు మన ప్రాంతపు గొప్ప చెరువులలో ఒకటి. నిండినప్పుడు గాలికి అలలు రాతికట్టుకు కొట్టుకొనును. పొద్దు క్రుంకువేళ ఆవలి గట్టున కొండల నీడ నీటిపై పరచుకొనును. ఆడ్రియాటిక్ ఒడ్డును మేము చూడలేదు. చూచినవారు వచ్చి ఈ గట్టున ఒక గడియ కూర్చున్నచో ఏమందురో వినవలెనని ఉన్నది. ఆ చెరువు నిండినయేడు ఊరివారు గంగమ్మకు పసుపు, కుంకుమ, చీర, రవిక సమర్పింతురు. మరవ పారిన దినమున బడి పిల్లలను పట్టి ఆపుట పంతులుగారి వల్ల కాదు.

అచ్చటినుండి చిత్రావతితోపాటు ఉత్తరముగా పోయినచో ధర్మవరము. క్రియాశక్తి ఒడయరు చెరువు కట్టించి, తల్లి ధర్మాంబ పేర ఊరు నిలిపినాడని చెప్పుదురు. తల్లి పేర ఊరును, ఊరికొరకు చెరువును కట్టినవానిని మనము మెచ్చుకొందుము. కాని ఆ ఊరు చీరలకు పేరు పొందునని ఆయన ఊహించియుండడు. ధర్మవరపు పట్టుచీర అంచులలోని చిత్రములకు లేపాక్షి కప్పుమీది బొమ్మలు ఒరవడి అని నేతవారు అందురు. ఆ చీరకు కావలసిన పట్టు హిందూపురపు గూళ్ళ అంగడినుండియు, కర్ణాటకపు అంగళ్ళనుండియు వచ్చును. గూడు పెంచుటకు మల్బరీ ఆకు, ఆకునకు బావి నీరు, బావికి చెరువు ఊట. మగ్గము ముందు కూర్చున్న నేతగాడు పడుగు పోగులను సరిచేసికొనుచు ఇదంతయు తలచుకొనునని మేము అనము. ఆయనకు సాయంకాలములోగా నేయవలసిన మూరలు వేరే ఉన్నవి.

ఈ బాటను చూడగోరువారు ఆశ్వయుజ కార్తీక మాసములలో, వానలు పడిన యేడు, బయలుదేరవలెను. హిందూపురమున ఉదయమే బస్సు ఎక్కి, పెనుకొండలో దిగి, బుక్కపట్నపు గట్టును పగటివేళ చూచి, దీపాలవేళకు ధర్మవరము చేరవచ్చును. వెంట చిన్నపిల్లలున్నచో కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టి, దారిలో వచ్చు ప్రతి చెరువు పేరును పెద్దవారిని అడిగి చెప్పుడు. ఎండిన చెరువుల పేర్లు కూడ.